పెరటి కోళ్ళ పనికి తగిన పాదరక్షలు

మన గ్రామములలో పెరటి కోళ్ళ పెంపకము క్రొత్తది కాదు. గృహిణి చేతి ఖర్చునకు, పిల్లల పుస్తకములకు, ఇంటికి వచ్చిన చుట్టమునకు చేయు మర్యాదకు తరతరములుగా అక్కరకు వచ్చుచున్న సంపాదన ఇది. పొలము, కాడియెడ్లు ఇంటి యజమాని లెక్కలోనివి. కోళ్ళు, గ్రుడ్లు ఇల్లాలి లెక్కలోనివి. హైదరాబాదునందలి రాజేంద్రనగరములో ఉన్న కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ జాతులు పల్లెలకు చేరిన పిదప ఈ పెంపకమునకు మరింత ఆదరణ కలిగినది. మేతను గూర్చియు, గూటిని గూర్చియు, టీకాలను గూర్చియు సలహాలు తరచుగా వినబడుచున్నవి. కాని ఆ పని చేయు మనిషి కాలికి ఏమి తొడుగుకొనవలెనను విషయమును ప్రస్తావించువారు అరుదు. ఈ వ్యాసమున ఆ విషయమునే విచారింతము.

కోళ్ళను పెంచు ఇల్లాలు రోజుకు ఎన్నిమారులు పెరటిలోనికి పోవునో ఒకసారి లెక్కింపుడు. వేకువనే గూటి తలుపు తీయవలెను. గూడు ఊడ్చి రెట్ట ఎత్తవలెను. నూకలు చల్లవలెను, నీటి మూకుడు కడిగి నింపవలెను. మధ్యాహ్నము గ్రుడ్లు ఏరవలెను. మునిమాపువేళ కోళ్ళను లెక్కించి గూటిలోనికి తోలవలెను. ఆషాఢ శ్రావణములలో ఈ రాకపోకలన్నియు బురదలోనే జరుగును. వాన నీటికి తోడు అంట్లు తోమిన నీరు, పశువుల మూత్రము, కోళ్ళ రెట్ట, నానిన ఊక కలిసి పెరడు అడుసుగా మారును. ఆ అడుసులో పెక్కుమంది స్త్రీలు వట్టి కాళ్ళతో తిరుగుచున్నారు. ఉన్న ఒక జత చెప్పులు వీధి గుమ్మము కడ నుండును. అవి సంతకు, పొలమునకు, ఊరికి పోవునపుడు తొడుగుకొనుటకు. పెరడు ఇంటిలోని భాగమే గదా, అచట చెప్పులెందుకని మన పెద్దల అభిప్రాయము. నేల పొడిగా నున్న కాలమున ఈ మాటలో కొంత న్యాయము కలదు. వానకాలమున ఇది అపాయకరము.

పాదమునకు గల అపాయములు

మొదటి అపాయము కొంకిపురుగు. ఇది కోళ్ళనుండి వచ్చునది కాదు. వ్యాధి సోకిన మనుష్యుల మలముతో దీని గ్రుడ్లు నేలపై పడును. నీడయు, తేమయు, వెచ్చదనమును ఉన్న మట్టిలో అవి పొదిగి, వారము పది దినములలో కంటికి కనబడని చిన్న పురుగులై, త్రొక్కినవారి పాదముల చర్మమును తొలుచుకొని లోనికి ప్రవేశించును. అటనుండి రక్తముతో ఊపిరితిత్తులకును, గొంతునకును, తుదకు ప్రేగులకును చేరి, అచట పట్టుకొని రక్తమును పీల్చును. ఈ పురుగు చర్మము గుండా పోగలదను సంగతి 1898 నాటికి గాని తెలియలేదు. ఈజిప్టులోని కైరో నగరమున ఆర్థర్ లూస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పరిశోధన చేయుచుండగా పురుగు పిల్లలున్న నీరు ఆయన చేతిపై ఒలికెను. ఆ చోట దురద పుట్టెను. కొన్ని వారములకు ఆయన మలములోనే కొంకిపురుగు గ్రుడ్లు కనిపించెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఈ వ్యాధి నిర్మూలనకై 1909లో రాక్‌ఫెల్లర్ నిధితో ఒక సంఘము ఏర్పడినపుడు, మందుతోబాటు అది ప్రజలకు బోధించిన ముఖ్యమైన మాటలు రెండు: మరుగుదొడ్డి కట్టుకొనుడు, కాలికి జోడు తొడుగుకొనుడు.

మన స్త్రీలలో రక్తహీనత ఎంతగా నున్నదో పాఠకులు గమనింపవలెను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో నూటికి 57.6 మంది. దీనికి కారణములు పెక్కు. ఆహారలోపము వానిలో ముఖ్యమైనది. అయినను, తినిన కూటిలోని సారమును కొంకిపురుగు అపహరించుచుండగా ఎన్ని ఆకుకూరలు తినినను పూర్తి ఫలము దక్కదు. ఫిబ్రవరి, ఆగస్టు మాసములలో బడులయందును, అంగన్‌వాడీలయందును పిల్లలకు నులిపురుగుల మాత్రలు ఇచ్చు ఏర్పాటు 2015 నుండి జరుగుచున్నది. మాత్ర కడుపులోని పురుగును చంపును. మరల క్రొత్త పురుగు ఎక్కకుండ కాపాడునవి మరుగుదొడ్డియు, పాదరక్షయు మాత్రమే.

రెండవ అపాయము పాము. మేత గింజలున్న చోటికి ఎలుకలు వచ్చును. ఎలుకల కొరకును, గ్రుడ్ల కొరకును, పిల్లల కొరకును పాములు వచ్చును. కనుక కోళ్ళగూడు పాము తిరుగుటకు అనువైన తావు. వేకువ చీకటిలోను, మునిమాపువేళను గూటి దగ్గరకు పోవుట తప్పదు. మన దేశమున 2000 మొదలు 2019 వరకు గల ఇరువది ఏండ్లలో పాముకాటువలన సుమారు 12 లక్షలమంది, అనగా ఏటికి సగటున 58 వేలమంది మరణించిరని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. వీరిలో అత్యధికులు గ్రామవాసులు. కాటులు పెక్కు వానకాలముననే జరుగును. పడునది ఎక్కువగా పాదముపైనో, పిక్క దిగువనో. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2024లో ఒక కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. మోకాలి దిగువవరకు వచ్చు దళసరి రబ్బరు బూటు ఈ అపాయమును పూర్తిగా తొలగింపకపోయినను, చాలవరకు తగ్గించును. కాటు పడినచో కోయుట, నోటితో పీల్చుట, త్రాడుతో బిగించి కట్టుట, మంత్రములకై కాలము గడపుట తగదు. కాటు పడిన అవయవమును కదల్చక, 108 వాహనమును పిలిచి, విరుగుడు మందు దొరకు ఆస్పత్రికి వెంటనే చేర్పవలెను.

మూడవది గాయము. పెరటి బురదలో విరిగిన పెంకు, తుప్పు పట్టిన మేకు, తుమ్మ ముల్లు కనబడక దాగియుండును. మట్టిలోను, పేడలోను ధనుర్వాతపు క్రిములు నివసించును. ఎలుకల మూత్రము కలిసిన నీరు పగిలిన మడమకో, చిన్న గీతకో తగిలినచో లెప్టోస్పైరోసిస్ అను జ్వరము సోకవచ్చును. అది ముదిరినచో కామెరలు పుట్టి, మూత్రపిండములు సైతము చెడును. దినమంతయు తడిలో నానిన వ్రేళ్ళ సందులు తెల్లబడి, చీలి, బూజు పట్టుట వానకాలమున మనకు నిత్యానుభవము. మధుమేహము గలవారికి పాదములలో స్పర్శ తగ్గుటచే ముల్లు గ్రుచ్చుకొన్న సంగతియే తెలియదు. చిన్న పుండు పెద్దదై కాలికే ముప్పు తెచ్చును. ఇట్టివారు వట్టి కాళ్ళతో పెరటిలో అడుగు పెట్టనే కూడదు. ఇక రెట్ట కలిసిన బంకమన్నుపై కాలు జారి పడి, తుంటి ఎముక విరిగి మంచము పట్టిన వృద్ధులు మనకు తెలియనివారు కారు.

కోళ్ళకు గల అపాయము

పాదరక్ష మనిషిని కాపాడుట ఒక ఎత్తు; కోళ్ళను కాపాడుట మరియొక ఎత్తు. మన పల్లెలలో కొక్కెర తెగులను పేరు విననివారుండరు. 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్ ప్రాంతమునను, జావా ద్వీపమునను మొదట గుర్తింపబడిన ఈ వ్యాధి కొలదికాలమునకే మన దేశమున కుమావూ కొండలలోని రాణీఖేత్ వద్ద కనిపించి, ఆ ఊరి పేరుననే ప్రసిద్ధి కెక్కినది. జబ్బుపడిన కోడి రెట్టలోను, చొంగలోను దీని విషక్రిమి ఉండును. ఆ రెట్ట త్రొక్కిన చెప్పుతో మన పెరటిలోనికి వచ్చినచో, వ్యాధిని మనమే మోసికొని వచ్చినట్లగును. పొరుగింట కోళ్ళు చచ్చినవని చూడబోయి వచ్చినవారు, సంతలో కోళ్ళను బేరమాడి వచ్చినవారు, సంక్రాంతికి పందెముల బరులకు పోయి వచ్చినవారు, ఇల్లిల్లు తిరిగి కోళ్ళను కొను వ్యాపారులు — వీరందరి చెప్పుల అడుగున ఏమి అంటుకొని యున్నదో ఎవరు చెప్పగలరు? మన దేశమున మొట్టమొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ వద్ద కనిపించిన బర్డ్ ఫ్లూ వ్యాధి 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని కోళ్ళఫారములకు సోకి ఎంత నష్టము కలిగించినదో పాఠకులకు జ్ఞాపకముండును. అదియు రెట్టతో, పనిముట్లతో, పాదరక్షలతో ఒకచోటినుండి మరియొక చోటికి ప్రాకగలదు.

కనుక ముఖ్యమైన నియమ మొకటి కలదు: కోళ్ళ పనికి వాడు జోడు కోళ్ళ పనికే ఉండవలెను. అది పెరటి గుమ్మము కడనే విడువవలెను. దానితో వీధికి పోరాదు. వీధి చెప్పులతో గూటి దగ్గరకు రారాదు. ఇట్లు చేసినచో చెప్పులు ఇంటిలోనికి రాకూడదను మన ఆచారమునకును భంగము కలుగదు. వంటింటి శుచికిని, కోళ్ళ క్షేమమునకును ఒకే ఏర్పాటు చాలును. టీకాలు మాత్రము మానరాదు. పిల్లలకు మొదటి వారములో కంటిలోనో ముక్కులోనో వేయు చుక్కల మందును, ఎనిమిది వారముల వయస్సున ఇచ్చు సూదిమందును పశువైద్యశాల వారి సలహా ప్రకారము వేయింపవలెను.

ఏ పాదరక్ష ఏ పనికి?

ఏ దేశపు జనులు ఆ దేశపు నేలకు తగిన పాదరక్షలను ఏర్పరచుకొనిరి. తడి నేలల హాలండులో రైతులు కొయ్యజోళ్ళు తొడిగిరి. కాశ్మీరములో వరిగడ్డితో అల్లిన పుల్హోర్ అను జోడును మంచుపై నడచుటకు వాడిరి. 1839లో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు విధానమును కనుగొనిన పిదప, 1853లో హైరం హచిన్సన్ ఫ్రాన్సులో రబ్బరు బూట్ల కర్మాగారమును స్థాపించెను. అంతవరకు కొయ్యజోళ్ళతో పొలములో తిరిగిన రైతులు పొడి కాళ్ళతో ఇండ్లకు చేరగలిగిరి. మన ప్రాంతమున దొరకు పాదరక్షల గుణదోషములు ఇట్లున్నవి.

తోలుచెప్పులు: తంగేడు చెక్కతో పదును చేసిన తోలుతో మన చర్మకారులు కుట్టిన చెప్పులు ఎండకాలమున మిక్కిలి సుఖకరములు. కాని నీటిలో నానినచో ఉబ్బి, ఎండినపుడు బిగిసి పగులును. రెట్ట అంటిన తోలును శుభ్రపరచుట కష్టము. బురద పనికి ఇవి తగవు.

హవాయి చెప్పులు: చవకైనవి, తేలికైనవి. కాని బురదలో మడమ ఎత్తినప్పుడెల్ల మురికి వెనుకకు చిమ్మి చీర కుచ్చిళ్ళకు అంటును, పట్టెడ ఊడివచ్చును, అడుగు అరిగినచో బంకమన్నుపై జారును. పాదము పైభాగమునకు వీనివలన రక్షణ లేదు. పొడి నేలకు మాత్రమే ఇవి తగును.

టైరు చెప్పులు: అడుగు దృఢమైనది, ముల్లు దిగదు. రాతినేలలలో ఇవి మంచివి. మేకుల మొనలు లోపలికి పొడుచుకొని రాకుండ చూచుకొనవలెను. బురదకు మాత్రము పాదము తెరపియే.

మూసిన ప్లాస్టిక్ జోళ్ళు: వ్రేళ్ళను, మడమను కప్పును, కడిగిన వెంటనే ఆరును. బురద చీలమండ దాటని ఎఱ్ఱనేలల పెరళ్ళకు ఇవి చాలును. రంధ్రములున్న రకములలో నీరు దూరునని మరువరాదు.

రబ్బరు బూట్లు, ప్లాస్టిక్ బూట్లు: గమ్ బూట్లని వాడుకలో నున్న ఇవియే వానకాలపు పనికి అన్నిటికంటె మేలైనవి. నల్లరేగడి నేలలందును, డెల్టా ప్రాంతపు ఒండ్రుమట్టి పెరళ్ళయందును వీనికి సాటి లేదు. నీరు దూరదు, కడుగుట సులభము, పాముకాటునుండి, ముల్లునుండి కొంత రక్షణ కలుగును. ఎండవేళ చెమట పట్టుట వీనిలోని దోషము. ప్రొద్దున ఒక గంట, సాయంకాలము ఒక గంట జరుగు కోళ్ళ పనికి అది అంత బాధకరము కాదు.

కొనునపుడు చూడవలసినవి

కొలత సరిగా నుండుట ప్రధానము. బూటు వదులైనచో బురద దానిని పట్టి లాగుకొనును. కాలు బయటకు, బూటు అడుసులోనికి పోవును. బిగువైనచో వ్రేళ్ళు ఒరసికొని పుండ్లు పడును. బొటనవ్రేలి ముందు ఒక వ్రేలు వెడల్పు ఖాళీ ఉండి, మడమ లోపల పైకి క్రిందికి ఆడకుండ నుండవలెను. సాయంకాలమునకు పాదములు కొంచెము పొంగును గనుక ఆ వేళ కొలత చూచుకొనుట మేలు. అంగళ్ళలో పురుషుల కొలతలే ఎక్కువగా నుండుట మేము గమనించితిమి. స్త్రీలు తమ కొలతను అడిగి తెప్పించుకొనవలెను. భర్త బూట్లనే సర్దుకొనుట పడుటకు దారి.

అడుగున గల గాట్లు లోతుగాను, ఎడమెడముగాను ఉండవలెను. సన్నని, దగ్గర దగ్గర గాట్లలో రేగడి మన్ను ఇరుకుకొని అడుగు నున్ననై జారును. ఎత్తు విషయమున, పిక్క సగమునకు వచ్చు బూటు చీర కట్టువారికి అనుకూలము. చీర అంచు బూటుపై జారును గాని బురదను తాకదు. పాముల బెడద యెక్కువగా నున్నచోట మోకాలి దిగువవరకు వచ్చునవి కొనవలెను. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదో లేదో చూడవలెను. బూటును వంచి చూచినపుడు మడత దగ్గర తెల్లని గీతలు, పగుళ్ళు కనబడినచో కొనరాదు.

వాడు విధము

తొడుగుకొనుటకు ముందు ప్రతిసారియు బూటును తలక్రిందుగా పట్టి గట్టిగా దులుపవలెను. తేలు, జెఱ్ఱి అందు దూరి యుండుట సంభవము. లోపల నూలు మేజోళ్ళు తొడిగినచో చెమటను పీల్చును. వానిని దినదినము ఉతికి ఆరవేయవలెను. పని ముగిసిన పిదప బూట్లను పుల్లతోను, కుంచెతోను గీచి, నీటితో కడిగి, రెండు కఱ్ఱలు పాతి వానిపై బోర్లించి నీడలో ఆరబెట్టవలెను. తీవ్రమైన ఎండలోను, పొయ్యి దగ్గరను ఉంచినచో రబ్బరు పగులును. చిన్న చిల్లు పడినచో సైకిలు అంగడిలో ట్యూబునకు వేయునట్లే అతుకు వేయించుకొనవచ్చును.

గూటి ముందు ఒక వెడల్పైన పళ్ళెరములో బ్లీచింగ్ పౌడరు నీటిని ఉంచి, అందు అడుగుపెట్టి లోనికి పోవు పద్ధతి మంచిది. లీటరు నీటికి 16 గ్రాముల పొడి చాలును. కాని బురద అంటిన బూటును అట్లే ముంచినచో మందు పనిచేయదు. బురదయు, రెట్టయు మందు బలమును హరించును. ముందు కడుగుట, పిదప ముంచుట అను క్రమమును తప్పరాదు. ఈ నీటిని దినమునకొకసారి మార్చవలెను. పిల్లలకును, కోళ్ళకును అందకుండ మూత వేసి యుంచవలెను. పనిలోను ఒక క్రమమున్నది: మొదట కోడిపిల్లలను, పిదప పెద్దకోళ్ళను, చివరగా వేరుచేసిన జబ్బుకోడిని చూడవలెను.

మంచు కురియుచోట

మన రాష్ట్రములలో నేల గడ్డకట్టు చలి లేదు. అయినను లంబసింగి, చింతపల్లి ప్రాంతములలో శీతకాలపు వేకువలందు చలి సున్న డిగ్రీల దరిదాపులకు దిగిన సందర్భములు కలవు. శీతలదేశములలో స్థిరపడి, ఇంటి వెనుక కోళ్ళను పెంచుకొను తెలుగువారును ఉన్నారు. వట్టి రబ్బరు నీటిని ఆపును గాని చలిని ఆపదు. అట్టిచోట ఉన్ని మేజోళ్ళు పట్టునంత వదులైన బూట్లుగాని, లోపల ఉన్ని పొర గలవి గాని కొనవలెను. బిగువుగా నున్నచో రక్తప్రసారము తగ్గి కాలు మరింత చల్లబడును. మంచుగడ్డపై ఇసుకనో, పొయ్యి బూడిదనో చల్లినచో కాలు జారదు.

బురదను తగ్గించుడు

ఎంత మంచి బూటైనను బురద లేని పెరటికి సాటి రాదు. గూటి నేలను చుట్టునున్న నేలకంటె జానెడెత్తు లేపవలెను. చూరు నీరు పడుచోట చిన్న కాలువ త్రవ్వి బయటికి పంపవలెను. పెరటి గుమ్మమునుండి గూటివరకు ఇటుకలో, బండలో అడుగు దూరమున పరచినచో దారి ఏర్పడును. నీటి మూకుడును పీటపై నుంచినచో ఒలుకుట తగ్గును. గూటిలో ఊక పరచి, తడిసినప్పుడెల్ల మార్చి, ఆ ఊకను పెంటకుప్పలో వేసినచో పొలమునకు మంచి ఎరువగును.

ముందు ఎవరికి?

ఒకప్పుడు మన ఊళ్ళలో కాలికి చెప్పు తొడుగుకొని పెద్దవీధిలో నడచు స్వేచ్ఛ కొన్ని కులములవారికి లేకుండెడిది. ఊరందరికి చెప్పులు కుట్టినవారే వట్టి కాళ్ళతో నడచిరి. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దు చేసినది. 1955 నాటి చట్టము దానిని పాటించుట శిక్షార్హ మొనర్చినది. కనుక పాదరక్ష విలాసవస్తువు కాదు. మనిషి ఆరోగ్యముతోను, గౌరవముతోను ముడిపడిన వస్తువు.

నేడు ఆ అడ్డంకి చట్టమున లేదు గాని, ఇంటి లెక్కలలో మరియొక అడ్డంకి మిగిలియున్నది. పండుగకు ఇంటిలో చెప్పులు కొనునపుడు మొదట యజమానికి, పిదప బడికి పోవు పిల్లలకు, మిగిలిన డబ్బుతో ఇల్లాలికి కొనుట వాడుక. పెరటిలోనికి వెళ్ళు పాదములకు జోడు కొనవలెనను తలంపే రాదు. ఒక జత బూట్ల వెల ఒకటి రెండు నాటుకోళ్ళ వెలలో ఇమిడిపోవును. ఆ కోళ్ళను పెంచినది ఆమెయే. అమ్మిన సొమ్ములోనుండి ముందుగా ఆమె కాళ్ళకు ఒక జత కొనుట ఉపకారము కాదు, న్యాయము. స్వయంసహాయక సంఘములవారు పది పదునైదు జతలు కలిసి కొనినచో తమ కొలతలను ముందుగా వ్రాసి పంపుకొనవచ్చును; వెలయు కొంత తగ్గును.

తొలకరికి విత్తనములు సిద్ధపరచుకొనుచున్నట్లే, పెరటి గుమ్మము కడ ఒక జత బూట్లను, ఒక కుంచెను, చేతికందు తావున ఒక టార్చిలైటును సిద్ధపరచుకొనవలెనని మా విజ్ఞప్తి. వేకువ కోడి కూయగానే గూటి తలుపు తీయబోవు ఇల్లాలి అడుగు నిర్భయముగా పడవలెను.